చింతగింజలుంటే చాలు: బడి వదిలాక పిల్లల ఆటల గంట

బడి వదిలాక పిల్లలకు ఏదైనా నేర్పిద్దామని మొదలుపెట్టే తరగతులు చాలా వరకు సామాను దగ్గరే ఆగిపోతాయి. రంగులు అయిపోతాయి, చార్టులు చిరిగిపోతాయి, మళ్లీ కొనేవాళ్లుండరు. అందుకే ఒక్క రూపాయి కూడా అడగని మన పాత ఆటలతో మొదలుపెట్టండి: అష్టా చెమ్మా, పులి-మేక, వామనగుంటలు. బోర్డు పిల్లలే గీసుకుంటారు, గింజలు పిల్లలే తెచ్చుకుంటారు. ఆ తయారీలోనే సగం ఆనందం ఉంది కాబట్టి పెద్దవాళ్లు ముందే అన్నీ సిద్ధం చేసి పెట్టకూడదు.

చోటు ఏదైనా పర్వాలేదు. బడి వరండా, గుడి మండపం, ఎవరింటి అరుగైనా సరే, నేల చదునుగా ఉండి నీడ ఉంటే చాలు. 4:30కి మొదలుపెట్టి 5:30కి ముగించండి. చీకటి పడేలోపు ఇల్లు చేరే వేళ అయితేనే ఆడపిల్లల్ని ఇంట్లోవాళ్లు రోజూ పంపుతారు. పెద్దవాళ్లు కనీసం ఇద్దరుండాలి. డబ్బు పందెం, వస్తువు పందెం ఏదీ ఉండదని తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పండి. పులి-మేకను కొన్నిచోట్ల పులిజూదం అంటారు, ఆ పేరు విని కొందరు వెనకాడతారు.

సామాను లెక్క

16 మందికి ఈ లెక్క సరిపోతుంది: అష్టా చెమ్మాకు రెండు బోర్డులు (8 మంది), పులి-మేకకు రెండు (4), వామనగుంటలకు రెండు (4). చింతగింజలు 178 కావాలి. వామనగుంటలకు 140, మేకలకు 30, పాచికలుగా వేయడానికి 8. ఎగిరిపోయేవి, పగిలేవి ఉంటాయి కాబట్టి 250 పోగేయండి. ఇళ్లలో చింతపండు పిక్కలు తీసే రోజుల్లో ఒక్క వారంలోనే ఇవన్నీ దొరుకుతాయి. పావులకు (అష్టా చెమ్మాలో వీటినే కాయలంటారు) సీసా మూతలు, గుండీలు, గులకరాళ్లు, చీపురుపుల్ల ముక్కలు, ఇలా నాలుగు రకాలు తీసుకోండి. గాజుముక్కలు మాత్రం వద్దు, వేళ్లు తెగుతాయి.

సుద్దముక్కతో నేల మీద గీస్తే పావుగంటలో కాళ్ల కింద చెరిగిపోతుంది, ఎక్కడి పావు ఎక్కడుందన్న గొడవ మొదలవుతుంది. పాత ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటుంది. దాన్ని 50 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, చెరగని మార్కర్‌తో గీయించండి. ముందు పెన్సిల్, తర్వాతే మార్కర్.

అష్టా చెమ్మా

8 సెంటీమీటర్ల గడులు, అడ్డంగా 5, నిలువుగా 5. నాలుగు అంచుల నడిమి గడుల్లో, మధ్య గడిలో ఇంటూ గుర్తు వేయాలి. అంచున ఉన్న ఇంటూ గడి దాని ఎదురుగా కూర్చున్నవాళ్ల ఇల్లు. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి వచ్చి దాన్ని తిరిగి ఇంటికి పంపడమే చంపడం. ఇంటూ గడిలో ఉన్న కాయను ఎవరూ చంపకూడదు.

గవ్వలు లేకపోతే చింతగింజల్ని గరుకు బండ మీద ఒకవైపే అరగదీయాలి. తెల్లటి పప్పు గింజంతా కనబడే వరకు, చదునుగా. రాపిడికి గింజ చురుక్కుమనేంత వేడెక్కుతుంది, మధ్యమధ్య ఆగమనండి. ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ అరిగితే పడే తీరు మారిపోతుంది. ఒక్కో గింజనూ 20 సార్లు వేసి చూడండి. తెలుపు 7 నుంచి 13 సార్ల మధ్య పడితే మంచి గింజ, లేకపోతే పక్కన పెట్టేయాలి.

నాలుగు గింజలు వేస్తే తెలుపు ఎన్ని పడితే అన్ని గడులు. నాలుగూ తెలుపైతే చెమ్మా, అంటే 4. ఒక్కటీ తెలుపు పడకపోతే అష్టా, అంటే 8. ఈ రెండింటికీ, ఎదుటి కాయను చంపినప్పుడూ గింజలు మరోసారి వేయొచ్చు. కాయ గడియారం ముల్లుకు ఎదురు దిశలో బయటి 16 గడులు తిరిగి, ఇంటికి ముందు గడి నుంచి లోపలికి వెళ్లి, అక్కడి 8 గడులు ముల్లు దిశలో తిరిగి నడిమికి చేరితే పండినట్టు. ఇంటి నుంచి సరిగ్గా 24 అడుగులు. లోపలికి వెళ్లే చోట పిల్లలు దిశ మార్చడం మరిచిపోతారు, బోర్డు మీద చిన్న బాణం గుర్తులు వేయించండి.

కనీసం ఒక కాయనైనా చంపనిదే లోపలికి వెళ్లకూడదా, మొదటి కాయ ఎక్కాలంటే చెమ్మా పడాలా అన్నవి ఇంటికో రకంగా ఉంటాయి. ఏది సరైనదన్న వాదన వద్దు. అమ్మమ్మల్ని, నానమ్మల్ని అడిగి రమ్మని, వచ్చినవాటిలో ఒకటి ఎంచుకుని కాగితం మీద రాసి గోడకు అంటించండి. తగాదా వస్తే ఆ కాగితమే తీర్పు.

చేత్తో వేస్తే గింజల్ని జార్చి కావలసింది పడేలా చేయడం పిల్లలకు త్వరగానే అలవాటవుతుంది. కొబ్బరిచిప్పలో వేసి, అరచేత్తో మూసి, గిలకరించి బోర్లించమనండి. వాలి నిలబడిన గింజ, బోర్డు దాటి పడిన గింజ ఉంటే మళ్లీ వేయాల్సిందే.

పులి-మేక

మూడింటిలోనూ ఆలోచన ఎక్కువ కావలసింది ఇదే, కాస్త ఓపికగా నేర్పండి. అడుగున 40 సెంటీమీటర్ల గీత గీయండి. దాని మధ్యకు సూటిగా 40 సెంటీమీటర్లు పైన ఒక చుక్క పెట్టండి, అదే శిఖరం. అడుగు గీత మీద 0, 13, 27, 40 దగ్గర గుర్తులు పెట్టి, శిఖరం నుంచి నాలుగు గీతలు దించండి. శిఖరానికి 16, 24, 32 సెంటీమీటర్ల కింద మూడు అడ్డగీతలు గీయాలి. ఒక్కోటి 44 సెంటీమీటర్లు, రెండు వైపులా సమానంగా బయటికి రావాలి. వాటి చివరలను రెండు పక్కలా నిలువుగా కలపండి. గీతలు కలిసే చోటల్లా ఒక చుక్క అనుకుని లెక్కపెట్టించండి: శిఖరం 1, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23. తక్కువ వస్తే అడ్డగీత ఎక్కడో పొట్టిదైందన్నమాట.

పులులు 3, మేకలు 15. ఒక పులి శిఖరం మీద, రెండు దాని కింది అడ్డగీతలో మధ్య గీతల మీద. మేకల్ని ఒక్కొక్కటిగా పెడతారు. 15 పెట్టేవరకు ఏ మేకా కదలదు, పులి మాత్రం ప్రతి వంతుకూ కదులుతుంది. మేక అవతలి చుక్క అదే గీత మీద ఖాళీగా ఉంటే పులి దూకి దాన్ని తింటుంది. మూడు పులులూ కదలలేకపోతే మేకల గెలుపు. ఎన్ని మేకలు పోతే పులి గెలుపో ముందే అనుకోవాలి, 6 అని పెట్టుకోవచ్చు.

కొత్తపిల్లలు మేకల్ని మధ్యలో పెట్టి వరసగా పోగొట్టుకుని, పులి పక్షమే బలమైనదని నమ్మేస్తారు. అది నిజం కాదు. అడుగు గీత రెండు చివర్లు, పక్క గీతల నాలుగు మూలలు, శిఖరం, ఈ 7 చోట్ల మేకను ఎవరూ దాటలేరు, ఎందుకంటే గీత అక్కడితో ఆగిపోతుంది. ఈ విషయం మీరు చెప్పకుండా, పులి ఎక్కడ దూకలేదో వెతకమనండి. తామే కనిపెట్టిన రోజు నుంచి మేకలు గెలవడం మొదలవుతుంది. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చడం తప్పనిసరి.

వామనగుంటలు

ఇది చిన్నపిల్లలకు. 14 గుంటలు కావాలి, గుంటకు 5 గింజలు. కోడిగుడ్ల అట్ట ట్రేలో వరసకు 6 గుంటలే ఉంటాయి కాబట్టి రెండు వరసలు కత్తిరించి, చివర మరో రెండు గుంటలు అతికించాలి. ఒక గుంటలోని గింజలు తీసి వరస గుంటల్లో ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడంలో లెక్క దానంతటదే వస్తుంది. మూడేళ్లలోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు వెంట వస్తే వాళ్లను గింజలకు దూరంగా కూర్చోబెట్టండి, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

గెలిచినవాళ్లు కదలరు, ఓడినవాళ్లు లేస్తారు అని పెడితే వారం తిరక్కుండా చిన్నవాళ్లు రావడం మానేస్తారు. 25 నిమిషాలకు గంట కొట్టి, ఆట ఎక్కడున్నా ఆపి అందరినీ బోర్డులు మార్పించండి. ఆగిపోయిన పులి-మేకను పుస్తకంలో గీసుకుంటే మర్నాడు అక్కడి నుంచే ఆడుకోవచ్చు.

చివరి ఐదు నిమిషాలు లెక్కపెట్టి సర్దడానికి. ఏ బోర్డు గింజలు ఆ డబ్బాలోనే పడాలి. వర్షాకాలంలో గింజలకు పురుగు పడుతుంది, సన్నటి బెజ్జం కనబడితే ఆ గింజ తీసేసి, మిగతావి రెండు రోజులు ఎండలో పోసి, ఎండిన వేపాకు వేసి మూత బిగించండి.