మీ ఊళ్లో డిటెక్టివ్ కథల రచయితల క్లబ్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నడపాలి?

డిటెక్టివ్ కథ రాసేవాళ్లకి మిగతా రచయితలకి లేని ఒక కష్టం ఉంది. హంతకుడెవరో వాళ్లకి ముందే తెలుసు. అందుకే సొంత కథని ఎన్నిసార్లు చదువుకున్నా, చదివేవాళ్లకి ఎక్కడ అనుమానం వస్తుందో, ఎక్కడ పొరబడతారో వాళ్లకి అంతుపట్టదు. ఒక కుటుంబ కథని నెల రోజులు పక్కన పెట్టి తీస్తే తప్పులు కొంతైనా కనిపిస్తాయి. మన కథ ఏడాది తర్వాత తీసినా హంతకుడు గుర్తుంటాడు. జవాబు తెలియని నలుగురు ఎదురుగా కూర్చుంటే తప్ప ఈ కథకి పరీక్ష లేదు. క్లబ్ కావాల్సింది అందుకే.

మేం ఆరుగురం మా ఊరి శాఖా గ్రంథాలయంలో కలవడం మొదలుపెట్టాక మొదటి ఏడాది దాదాపు వృథా అయింది. ఒకరు కథ మొత్తం చదివేవారు. మిగతావాళ్లు “బాగుందండీ, చివర్లో మలుపు బాగా తిప్పారు” అనేవారు. టీ తాగి ఇళ్లకి వెళ్లేవాళ్లం. ఏ కథా బాగుపడలేదు. తర్వాత పద్ధతి మార్చాం, దాంతో కథలు కూడా మారాయి. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

మొదట మనుషులు

ఐదుగురు నుంచి ఎనిమిది మంది చాలు. పది దాటితే అందరికీ మాట్లాడే వంతు రాదు. అందరూ రచయితలే కానక్కర్లేదు. రాయకపోయినా ఇలాంటి కథలు బాగా చదివేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. వాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడతారు. ఎక్కడ వెతకాలంటే, గ్రంథాలయంలో రోజూ కనిపించే మనిషిని అడగండి, పుస్తక ప్రదర్శనలో పాత పాకెట్ నవలలు ఏరుకుంటున్న వాళ్లతో మాట కలపండి. మెడికల్ షాపు నడిపేవాళ్లు, కోర్టు గుమాస్తాలు, ఎల్.ఐ.సి. ఏజెంట్లు సభ్యులుగా దొరికితే వదులుకోవద్దు. మందుల పేర్లు, వాయిదాలు, నామినీ గొడవలు వాళ్లకి కొట్టినపిండి.

స్థలం, రోజు

శాఖా గ్రంథాలయంలో ఒక బల్ల, ఆరు కుర్చీలు అడిగితే సాధారణంగా కాదనరు. చాలాచోట్ల గ్రంథాలయాలకి సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం తెరిచే ఉంటాయి. నెలలో రెండో ఆదివారం అని ఒకసారి అనుకుంటే దాన్ని మార్చకండి. “ఈ నెల వీలు చూసుకుని చెబుదాం” అన్న క్లబ్ మూడో నెలకి ఉండదు. వేదిక, ముఖ్య అతిథి, శాలువా వద్దు. అవి వచ్చిన రోజు నుంచి విమర్శ ఆగిపోతుంది. టీ ఖర్చు తలా కొంత వేసుకోండి. రిజిస్ట్రేషన్ కూడా ఇప్పుడే అక్కర్లేదు. సొసైటీగా నమోదు చేయాలంటే కనీసం ఏడుగురు ఉండాలి, ఏటా లెక్కలు చూపాలి. రెండేళ్లు నిలబడ్డాక ఆలోచించుకోవచ్చు.

వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు కాబట్టి ఒక్క నియమం: ఎవరి కథలోనైనా హంతకుడి పేరు అందులో రాయకూడదు.

విప్పే ముందు ఆపండి

క్లబ్బుకి ప్రాణం ఇదే. కథని రెండు భాగాలు చేయండి. గుట్టు విప్పే చోటికి ముందున్నదంతా మొదటి భాగం, విప్పేది రెండో భాగం. రెండో భాగాన్ని కవర్లో పెట్టి, గమ్ముతో అంటించి, బల్ల మీద అందరికీ కనిపించేలా ఉంచాలి. మొదటి భాగాన్ని రచయిత చదవకూడదు. ఇంకొకరు పైకి చదవాలి. ఎందుకంటే రచయిత గొంతు దాచలేదు. ఆధారం ఉన్న వాక్యం దగ్గర తెలియకుండానే నెమ్మదిస్తుంది, హంతకుడి పేరు దగ్గర తడబడుతుంది. పదిహేను వందల పదాల కథయితే చదవడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. కొత్త క్లబ్బుకి ఆ నిడివి సరిపోతుంది.

చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడకూడదు. తలా ఒక చీటీ ఇవ్వండి. పది నిమిషాల్లో మూడు సంగతులు రాయాలి. ఎవరు చేశారు? ఏ వాక్యం దగ్గర మొదట అనుమానం వచ్చింది? ఎవరి మీద అనుమానం వచ్చి పోయింది? చీటీలు పోగుచేశాకే కవర్ చింపాలి. ముందే మాట్లాడుకుంటే గట్టిగా చెప్పినవాళ్ల ఊహే అందరి ఊహ అయిపోతుంది.

ఐదుగురిలో నలుగురు సరిగ్గా రాస్తే కథ తేలిపోయినట్టే. ఒక్కరికీ అందకపోతే సంతోషపడకండి. కవర్ చింపాక వాళ్ల మొహాలు చూడండి. “అరె, మూడో పేజీలోనే చెప్పారు కదా!” అని కాగితాలు వెనక్కి తిప్పితే కథ గెలిచింది. “ఈ తమ్ముడి సంగతి మాకెప్పుడు చెప్పారు?” అని అడిగితే మీరు పాఠకుడిని మోసం చేశారు. ఒకరో ఇద్దరో కనిపెట్టి, మిగతావాళ్లు కాగితం వెనక్కి తిప్పే కథ నా లెక్కలో మంచి కథ.

మూడు ప్రశ్నల్లో విలువైనది రెండోది. నా కథ ఒకటి చదివినప్పుడు ఐదు చీటీల్లో నాలుగింట హంతకుడి పేరు ఉంది. ఆధారాలన్నీ ఎంతో జాగ్రత్తగా దాచానని నా నమ్మకం. చీటీలు చూస్తే నలుగురూ ఒకే వాక్యం రాశారు. అందులో ఒక మనిషి చెప్పుల గురించి వర్ణించాను. మిగతా పాత్రల ఒంటి మీద ఏ బట్టలున్నాయో కూడా చెప్పలేదు. చెప్పులు ఆధారం కానే కాదు, వట్టి వర్ణన. కానీ వర్ణన ఒక్కరికే దక్కింది కాబట్టి అందరి చూపూ అతని మీదికి పోయింది. పదిసార్లు తిరగరాసినా నా అంతట నాకు అది తట్టేది కాదు.

మన భాషే గుట్టు విప్పేస్తుంది

చీటీలు చదవగా చదవగా మాకు అర్థమైన సంగతి ఇది. తెలుగు క్రియ ఆడా మగా చెప్పేస్తుంది. “తలుపు తోసుకుని వచ్చాడు” అని రాస్తే సగం మంది అనుమానితులు అక్కడే తప్పుకుంటారు. “ఎవరో వచ్చారు” అంటే దాగుతుంది. అయితే అందరికీ “వాడు, అది” వాడుతున్న కథలో ఒక్కచోట “వచ్చారు” అని రాస్తే, పెద్దమనిషి ఎవరో వచ్చారని పాఠకుడు పసిగడతాడు. కథ మొదటి పేరా నుంచే ఆ పద్ధతి అలవాటు చేయాలి. లేదా మనిషిని వదిలేసి అడుగుల చప్పుడు, గొళ్లెం, ఆరిన లైటు రాయాలి.

మర్యాద కూడా అంతే. తొలి పేజీల్లో “సుబ్బారావుగారు వచ్చారు” అని రాసినవాళ్లు, తమకి హంతకుడని తెలుసు కాబట్టి, మధ్యలో ఎక్కడో “సుబ్బారావు నవ్వాడు” అనేస్తారు. గారు జారిపోయిన చోటు ఏ చీటీ చూసినా కనిపిస్తుంది. ఒక సభ్యుడికి ఈ పని అప్పగించండి: ప్రతి పాత్రకీ గారు, ఆయన, అతను, వాడు ఎక్కడ మారాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి.

వరసలు మాత్రం మనకి దొరికిన వరం. “అత్తయ్య” అంటే మేనత్త కావచ్చు, అత్తగారు కావచ్చు, మేనమామ భార్య కావచ్చు. అందరూ అత్తయ్య అని పిలిచే మనిషిని పాఠకుడు అత్తగారనుకుంటాడు. ఆవిడ మేనత్త అయితే తాతగారి ఆస్తిలో వాటా అడిగే మనిషి. అబద్ధం ఒక్కటీ చెప్పకుండా, అందరి ముందూ పెట్టి దాచిన ఆధారం అది. ఇలాంటివి తట్టినప్పుడల్లా క్లబ్ నోటుబుక్కులో రాసి పెట్టండి.

చట్టం, శవం, స్టేషను

పంచనామాలో తప్పు దొర్లితే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. అందుకే క్లబ్బుకి ఒక వివరాల పుస్తకం ఉండాలి. మొదటి పేజీలో ఈ తేదీ రాయండి: 2024 జులై 1. ఆ రోజు నుంచి పాత ఐ.పి.సి. (ఇండియన్ పీనల్ కోడ్) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకి శిక్ష పాత 302 కాదు, సెక్షన్ 103. అంతకు ముందు జరిగిన హత్య అయితే 302 అనే రాయాలి. కాబట్టి కథ ఏ సంవత్సరంలో జరిగిందో రచయిత ముందే తేల్చుకోవాలి.

మా క్లబ్బుకి వచ్చే కొత్త కథల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ముగింపులో ఉంటుంది. ఎస్సై గట్టిగా అడుగుతాడు, హంతకుడు ఒప్పేసుకుంటాడు, కథ ముగుస్తుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్యాధార చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, కొత్త సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ అదే చెబుతోంది. అయితే నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువుకి సంబంధించినంత వరకు మాట చెల్లుతుంది. ఇది కథకి అడ్డంకి కాదు, దారి. ఒప్పుకోలుతో కాకుండా వస్తువుతో ముగించమని చట్టమే చెబుతోంది: బావిలోంచి తీసిన కత్తిపీట, బియ్యం డబ్బాలో దొరికిన సిమ్ కార్డు.

ఇంకొన్ని: పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే మన దగ్గర శవ పంచనామాకి తహసీల్దారు వస్తారు. అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. శవం బిగుసుకోవడాన్ని బట్టి సమయం చెప్పేటప్పుడు చలిదేశాల నవలల లెక్క వాడొద్దు. మన ఎండాకాలంలో బిగువు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. డీఎన్ఏ ఫలితం సాయంత్రానికల్లా రాదు.

ఏడాదికి రెండుసార్లు ఒక రిటైర్డ్ ఎస్సైనో, లాయరునో, పోస్టుమార్టం చేసిన డాక్టరునో పిలవండి. వాళ్లు చూసిన కేసులు అడగకండి, పని ఎలా జరుగుతుందో అడగండి. కాగితం ఎవరు రాస్తారు, సీలు ఎవరు వేస్తారు, సీసా ఎవరు తీసుకెళ్తారు అని. కథలు ఆ సందుల్లోనే ఉంటాయి.

రెండు విషయాల్లో గట్టిగా ఉండండి. విషం పేరు ఉండొచ్చు గానీ మోతాదు, సంపాదించే దారి కథలో ఉండకూడదు. మీ ఊళ్లో నిజంగా జరిగిన ఘోరాన్ని పేర్లు మార్చి రాసినా, ఆ ఇంటివాళ్లు ఇంకా ఆ వీధిలోనే ఉంటారు. అత్యాచార బాధితుల గుర్తింపు తెలిసేలా రాయడం నేరం కూడా.

ఏడాదికి ఒక ఉమ్మడి కథ

లండన్‌లో 1930లో డిటెక్టివ్ రచయితలు ఒక క్లబ్ పెట్టుకున్నారు. ఫాదర్ బ్రౌన్ డిటెక్టివ్ కథలు రాసిన చెస్టర్టన్ మొదటి అధ్యక్షుడు. ఆ మరుసటి ఏడాది సభ్యులు కలిసి తలా ఒక అధ్యాయంగా ఒక నవల రాశారు. అందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. అధ్యాయం రాసేవాళ్లు హంతకుడెవరో తమ మనసులో తేల్చుకునే రాయాలి, ఆ జవాబుని విడిగా రాసి ఇవ్వాలి. ఊరికే చిక్కుముడి వేసి పక్కవాళ్ల మీదికి నెట్టే వీలు లేదు. మీరూ అలాగే చేయండి. ఆరుగురు, ఆరు అధ్యాయాలు, ఆరు కవర్లు. చివర్లో అన్నీ కలిపి చింపితే, ఒకే వాక్యాన్ని ఆరుగురు ఆరు రకాలుగా అర్థం చేసుకున్నారని తెలుస్తుంది. మేం చేసిన వాటిలో అందరూ ఎక్కువ నేర్చుకున్నది అందులోనే.

పత్రికకి పంపే ముందు

సమావేశంలో చదివిన ప్రతి కథకీ తేదీ, పేరు, హాజరైనవాళ్ల సంతకాలు నోటుబుక్కులో ఉండాలి. రేపు ఎవరి ఆలోచన ఎవరిదన్న మాట వస్తే అది పనికొస్తుంది. పత్రికలు, పోటీలు కథ ఎక్కడా ప్రచురించలేదని హామీ పత్రం అడుగుతాయి కాబట్టి బయట ఎక్కడా ముందే పెట్టకండి.

ఇంకొక్క జాగ్రత్త. చీటీలు చూసి కథని తిరగరాశాక దాన్ని ఎవరికి చదివి వినిపిస్తారు? ఆ ఐదుగురికీ ఇప్పుడు జవాబు తెలుసు. అందుకే మేం ప్రతి నెలా ఇద్దరు సభ్యుల్ని మొదటి చదువుకి రానివ్వం. వాళ్లు బయట వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చుంటారు. ఆ కథ మళ్లీ వచ్చిన నెలలో, కొత్త చీటీలు వాళ్ల చేతికి ఇస్తాం.