నల్ల బీరుకి మార్కులు వేసే ముందు పది నిమిషాలు ఆగండి

బెంగళూరులో ఇందిరానగర్, కోరమంగల వైపు బ్రూపబ్‌లలో, అంటే బీరు అక్కడే తయారుచేసి అమ్మే పబ్బుల్లో, ఇంపీరియల్ స్టౌట్ లాంటి ఘాటైన నల్ల బీరు దొరికితే, గ్లాసు రాగానే గుక్కేసి మార్కులు ఇచ్చేయకండి. మరీ చల్లగా ఉంటే దాని వాసన సగం కూడా బయటికి రాదు. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు కూర్చోండి. 10 నుంచి 13 డిగ్రీల దగ్గర దాని అసలు రుచి తెలుస్తుంది.

మొన్న మా బావ మొదటి గుక్కకే "అబ్బ, చేదు! పదికి ఐదు" అన్నాడు. ఆగి మళ్లీ వాసన చూడమన్నాను. ముందు ఫిల్టర్ కాఫీ డికాక్షన్, తర్వాత ముదురు బెల్లం పాకం, చివర్లో ఎండు ఖర్జూరం. ఐదు కాస్తా ఎనిమిదయింది. అందులో కాఫీ ఏమీ కలపలేదు, అది నల్లగా వేయించిన బార్లీ వాసన.

మార్కులకి నాకు బాగా నచ్చేది బీజేసీపీ పద్ధతి, అంటే బీరు పోటీల జడ్జిలకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ వాడేది. మొత్తం 50లో రుచికి 20, వాసనకి 12, చూపుకి 3 మాత్రమే. కాబట్టి నిగనిగలాడే నలుపు చూసి మురిసిపోకండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాడైందని అర్థం, మొహమాటపడకుండా తగ్గించండి.

మసాలా పల్లీలు తర్వాత తినండి, ఆ కారం మీద ఏమీ తెలియదు. ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది, చిన్న గ్లాసు చాలు. బండి ఇంట్లో వదిలేసి మెట్రోలో వెళ్లండి.