ఎల్ అలమైన్ సమాధులు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు నేల సంగతి

ఈజిప్టులో అలెగ్జాండ్రియా నుంచి పడమరగా దాదాపు 130 కిలోమీటర్లు వెళ్తే ఎల్ అలమైన్. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కామన్వెల్త్ (బ్రిటన్, దాని పాలనలోని దేశాల) సైనికుల సమాధులు అక్కడ 7,240 ఉన్నాయి. మార్చి నుంచి మే లోపు వెళ్లేవాళ్లంతా ఎండ గురించే అడుగుతారు. నేను మాత్రం నేల గురించే ముందు చెప్తాను.

1942లో జర్మన్ సేనాని రొమ్మెల్ సైన్యం ఈ చుట్టుపక్కల దాదాపు 5 లక్షల మందుపాతరలు పెట్టింది. బ్రిటిష్ వాళ్లు పెట్టినవి వేరే. ఏళ్ల తరబడి తీస్తున్నా అన్నీ పోలేదు. పైగా గాలికి ఇసుక కదిలి, లోతున ఉన్నవి పైకి తేలొచ్చు. సమాధుల ప్రహరీ లోపల ఏ భయమూ లేదు. ఫొటో కోసమనో, ఒంటికి వెళ్లాలనో రోడ్డు దిగి ఎడారిలోకి నడిస్తేనే ముప్పు. డ్రైవర్‌కి కూడా ఈ మాట ముందే చెప్పండి. బోర్డు లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు. తుప్పు పట్టిన ముళ్లతీగ కనిపిస్తే అక్కడే ఆగి, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి రండి. నేల మీద ఇనుప వస్తువు ఏది కనిపించినా, అది పాత డబ్బా మూతలా ఉన్నా సరే, కాలితో కూడా కదపొద్దు. పేలిన ఫిరంగి గుండు ముక్కను గుర్తుగా బ్యాగులో వేసుకునేవాళ్లూ ఉన్నారు, అదేం సరదానో!

ఖమ్సీన్ అనే వేడి దుమ్ముగాలి వీచేది ఈ నెలల్లోనే. ఆకాశం పసుపుపచ్చగా మారుతుంది, ఎండ 40 డిగ్రీలు దాటొచ్చు. ముక్కుకు చుట్టుకోవడానికి తువ్వాలు ఉంచుకోండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ కారులో కాదు, జేబులో ఉండాలి. గాలి లేస్తే ప్రవేశం దగ్గరున్న స్మారక మండపంలోకి వచ్చేయండి. సమాధుల దగ్గర ఇసుకలో వరుసగా నిలబెట్టిన తెల్లరాళ్లే, నీడ తక్కువ. ఆ తెలుపు కళ్లకు కొడుతుంది, నల్లకళ్లజోడు తప్పనిసరి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు.

ఎవరి పేరైనా వెతకాలంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో చూసి వరుస నంబరు రాసుకోండి. అక్కడికెళ్లి వెతుకుతూ తిరిగితే వడదెబ్బ ఖాయం. 815 సమాధుల మీద అసలు పేరే లేదు. ఆచారం ప్రకారం దహనం చేసిన 600 మందికి పైగా సైనికుల పేర్లు సమాధుల మధ్య దొరకవు, ఆగ్నేయ భాగంలోని దహన స్మారకం మీద ఉంటాయి. అసలు శవమే దొరకనివాళ్లవి ఆ ప్రవేశ మండపం గోడల మీద.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. అనుమతి లేకుండా తెస్తే ఈజిప్టు ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు.