ప్లాస్మాకు ముందు ముక్క పరీక్ష

పోయిన సంక్రాంతి ముందు మా మేనత్త కూతురు ఫోను చేసింది. "వదినా, మీ ఆసుపత్రిలో ప్లాస్మాతో పుండ్లు మాన్పుతారట కదా. అమ్మ నడుము మీది పుండుకు అది పెట్టిస్తే కత్తి అవసరం ఉండదా?"

నేను ఉత్తర జర్మనీలో ఒక ఆసుపత్రిలో, మానని గాయాల విభాగంలో నర్సును. ఆ పరికరం రోజూ నా చేతిలోనే ఉంటుంది. మానని పుండు కాన్సర్ కావచ్చన్న అనుమానంతో ఆ రోజు వదినకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఎదుటివారు చెబుతున్నది ఏ ప్లాస్మానో తేల్చుకోండి. జుట్టుకో ముఖానికో ఎక్కించే పీఆర్‌పీ మన రక్తం నుంచి తీసినది. కోవిడ్ రోజుల్లో దాతల కోసం వెతికినదీ రక్తంలోని ప్లాస్మానే. బ్యూటీ క్లినిక్కుల్లో పులిపిర్లను మాడ్చే ప్లాస్మా పెన్ను వేడితో పనిచేస్తుంది. చల్లని ప్లాస్మా వీటిలో ఏదీ కాదు. వాయువులోకి విద్యుత్తు పంపి దాన్ని అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, మారుస్తారు, కానీ చర్మాన్ని తాకే చోట వేడి 40 డిగ్రీలు దాటదు.

మేము వాడేది ఆర్గాన్ వాయువుతో నడిచే పెన్ను. మీట నొక్కగానే సన్నగా బుస వినిపిస్తుంది, కొసన వేలి గోరంత ఊదారంగు జ్వాల నిలుస్తుంది. దాన్ని పుండు మీద ముగ్గు గీతలు గీసినట్టు నెమ్మదిగా కదుపుతాను, చదరపు సెంటీమీటరుకు అర నిమిషం నుంచి నిమిషం వరకు. ఎవరో గోరువెచ్చగా ఊదుతున్నట్టు ఉందని రోగులు అంటారు. ఆ జ్వాలలో పుట్టే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ అణువులు క్రిములను చంపుతాయి. కాన్సర్ కణాల్లో ఇలాంటి అణువుల ఒత్తిడి ముందే ఎక్కువ. ఇంకాస్త భారం మోపితే అవి చచ్చిపోతాయన్నది పరిశోధకుల ఆలోచన, ప్రయోగశాలలో మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కాన్సర్, కణాల మీద అది కనిపించింది కూడా.

కానీ జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ నగరంలో రూపొందిన ఈ పెన్నుకు 2013లో ఐరోపాలో వైద్య పరికరంగా గుర్తింపు వచ్చింది గాయాలకు, చర్మపు ఇన్ఫెక్షన్లకు. కాన్సర్‌కు కాదు. అక్కడి వైద్యులు ముదిరిన తల, మెడ కాన్సర్ పుండ్ల మీద వాడినప్పుడు దుర్వాసన, క్రిములు తగ్గాయి. ఆ రోగుల పక్కన కూర్చునేవారికి అదెంత పెద్ద ఉపశమనమో నాకు తెలుసు, అయినా అది నయం కావడం కాదు. 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో అయిదుగురి మీద 17 గరుకు మచ్చలకు చల్లని ప్లాస్మా పెట్టారు. నెల తరువాత 9 పూర్తిగా పోయాయి. అవి ఎండ దెబ్బకు వచ్చే, కాన్సర్‌కు ముందు దశ మచ్చలు. ఇంకా లోతుకు దిగిన గడ్డకు ఆ లెక్క వర్తించదు.

అందువల్ల ఏ పెన్నూ తాకక ముందే ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, చేయించండి. ఈ మాట దగ్గర నేను మొండిగా ఉంటాను. పైపొర మాడిపోతే లోపల ఏముందో చెప్పవలసిన ఆధారం పోతుంది, కింద మిగిలినది నెలల తరబడి నిశ్శబ్దంగా పెరుగుతుంది. వెళ్లే ముందు పగటి వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీసుకోండి. రిపోర్టు వచ్చాక ఏ రకం కాన్సర్, ఎంత లోతు, అంచుల్లో కణాలు మిగిలాయా అని అడగండి. మెలనోమా అని రాసి ఉంటే ప్లాస్మా ఊసు పక్కన పెట్టి అదే వారం కాన్సర్ శస్త్రవైద్యుణ్ణి కలవండి. మన వాళ్లలో అది అరికాలిలో, గోటి కింద కూడా వస్తుంది.

ఎవరైనా చల్లని ప్లాస్మా పెడతామంటే, పరికరానికి ఏ జబ్బుకు అనుమతి ఉందో కాగితం చూపించమనండి. పరిశోధన అంటే సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో రోగుల మీద జరిగే చికిత్సా పరీక్షలను నమోదు చేసే పట్టికలో, నమోదైన సంఖ్య అడగండి. ఇంకా పరీక్షలో ఉన్న చికిత్సకు మీ దగ్గరే డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

అత్తయ్య పుండు సరిగ్గా లంగా నాడా ముడి పడే చోట ఉంది. నలభై ఏళ్లు అక్కడే బిగించి కట్టడంతో ముందు నల్లగా కాయ కాసింది, తరువాత పొలుసులు లేచాయి, ఆపైన పుండయింది. మన దేశపు వైద్యులు దీన్ని చీర కాన్సర్ అంటారు. ఎనిమిది నెలలు ఆయింట్‌మెంట్లతోనే గడిచిపోయాయి. ముక్క పరీక్షలో స్క్వేమస్ కణాల కాన్సర్, అంటే చర్మపు పైపొర కణాల్లో పుట్టే కాన్సర్, అని తేలింది. చుట్టూ ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంత కలిపి కోసి తీసేశారు, అంచులు శుభ్రంగా వచ్చాయి.

ఇప్పుడు లంగాకు నాడా బదులు వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ కుట్టించుకుంది. మూడు నెలలకోసారి డాక్టరు మచ్చతో పాటు గజ్జల్లో గడ్డలున్నాయేమో తడిమి చూస్తారు. మరిచిపోతే గుర్తు చేయమని వదినకు చెప్పి ఉంచాను.