చెన్నైలో ఆపరేషన్ తేడా కొట్టిందా? కేసు నెల్లూరులోనే వేసుకోవచ్చు

మన వైపు పెద్ద జబ్బంటే మద్రాసు రైలెక్కడమే కదా, మా బావని కూడా కావలి నుంచి అట్లాగే తీసుకుపోయాం. ఆపరేషనయ్యాక కుట్లు చీము పట్టి మళ్లీ కోయాల్సి వచ్చింది. మావాళ్లు మొదట చేసిన పని కౌంటర్ దగ్గర గొడవ. మీరు ఆ పని చేయొద్దు, గొడవ మొదలైందంటే ఫైలు మీ చేతికి రావడం కష్టమవుతుంది.

ముందు కేస్ షీట్ కాపీ కావాలని తెల్లకాగితం మీద రాసిచ్చి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. డాక్టర్లకు 2002లో పెట్టిన నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీ చాలదు, అది వాళ్లు చివర్లో రాసుకునే కథ. ఆపరేషన్ నోట్సు, నర్సులు రాసే జ్వరం, బీపీ చార్టు, మీరు సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం, బిల్లులు అన్నీ కావాలి. మా బావ ఫైలు ఇంకో డాక్టరుకి చూపిస్తే ఆయనన్న మాట ఇది: చీము పట్టడం ఎవరికైనా జరగొచ్చు, మూడు రోజులు జ్వరమని చార్టులో రాసుండి కూడా ఎవరూ పట్టించుకోలేదు చూడండి, తప్పు అక్కడుంది. చార్టు లేకపోతే మాకా సంగతే తెలిసేది కాదు.

పోలీస్ స్టేషన్‌కి పోదామనే వాళ్లుంటారు. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కనపడాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. నష్టపరిహారానికి కన్జ్యూమర్ కోర్టే దారి (అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు దీని కిందికి రావు). పాత చట్టంలో ఆసుపత్రి ఉన్న ఊరికి తిరగాల్సొచ్చేది. 2020 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టంతో మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన డబ్బుని బట్టే లెక్క. ఈ-జాగృతి సైట్లో ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు గానీ, వైద్యం కేసులు తెలిసిన మనిషుంటే టెన్షన్ తగ్గుతుంది.

గడువు రెండేళ్లు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కడుపులో గుడ్డ మర్చిపోయి కుట్టేశారని ఒకామె వేసిన కేసుని 2010లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎందుకంటే ఆపరేషనైనప్పటి నుంచీ నొప్పి ఉన్నా తొమ్మిదేళ్లు ఆ డాక్టరుని అడక్కుండా మాత్రలు మింగుతూ గడిపిందని. నొప్పి తగ్గకపోతే వెంటనే వెళ్లి చూపించుకుని, ఆ చీటీ దాచుకోండి.

మా బావ డిశ్చార్జి అయి ఇరవై నెలలైంది. కాగితాలన్నీ మొన్ననే చేతికొచ్చాయి, సోమవారం పొద్దున్నే నెల్లూరు బస్సెక్కుతున్నాం.