అంటార్కిటికా తిమింగలాల పరిశోధనకు అనంతపురం నుంచి దరఖాస్తు ఎలా?

అంటార్కిటికా సముద్రంలో తిమింగలాలను లెక్కపెట్టే పనికి ఎక్కడ అప్లై చేయాలని మా జువాలజీ పిల్లలు ఏటా అడుగుతారు. పరిశోధకులు సొంతంగా ఫారం నింపి పంపే దారి లేదు. మన దేశపు యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. పరిశోధన ప్రతిపాదనలు కోరుతూ అక్కడి నుంచి నోటిఫికేషన్ వస్తుంది. ప్రతిపాదన సంస్థ తరఫున వెళ్లాలి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో ఎక్కడ పీహెచ్‌డీ చేస్తున్నా ముందు మీ గైడుతో మాట్లాడండి.

అసలు కష్టమంతా ప్రతిపాదన రాయడంలోనే. తిమింగలాలంటే ఇష్టమని రాస్తే సరిపోదు. 20వ శతాబ్దంలో దక్షిణ సముద్రంలో మూడు లక్షలకు పైగా నీలి తిమింగలాలను చంపేశారు. 1994 నుంచి అది తిమింగలాలకు రక్షిత ప్రాంతం. మిగిలినవి ఎంతవరకు కోలుకున్నాయో తెలియాలంటే లెక్కలు కావాలి. మీ ప్రశ్న అక్కడ మొదలవ్వాలి. అయితే అంటార్కిటికాలోని మన పరిశోధన స్టేషన్లు మైత్రి, భారతిలకు సరుకులు మోసే ఓడ మీకోసం దారి మళ్లదు. నడిచే ఓడ మీద నుంచే అయ్యే పని రాయండి. డెక్ మీద వంతులవారీగా నిలబడి, కనబడినదాని జాతి, దూరం, కోణం, ఆ పూట సముద్రం తీరు నమోదు చేయడం అలాంటిది. హంప్‌బ్యాక్ జాతి తిమింగలం తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాగే దేనివి దానివే, వాటిని ఫొటో తీయొచ్చు. చర్మం నమూనా తీస్తామంటే 2022 నాటి భారతీయ అంటార్కిటిక్ చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి. మొదటిసారి దాని జోలికి పోవద్దనే నేను చెబుతాను.

సంతకాలకు టైం పెట్టుకోండి. ఒక ఏడాది మా విద్యార్థిని ఫైలు ఒక టేబుల్ మీదే ఆగి గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది.

ప్రతిపాదన ఒప్పుకున్నాక ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) వాళ్ల మంచు శిక్షణ ఉంటాయి. మన ఎండల్లో పెరిగిన ఒళ్లు కాబట్టి ఆరునెలల ముందు నుంచే నడక, పరుగు అలవాటు చేసుకోండి. ప్రయాణం సాధారణంగా కేప్‌టౌన్ మీదుగా సాగుతుంది. పాస్‌పోర్ట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.

పరిశోధన చేయనివాళ్లకూ దారి ఉంది. డాక్టర్లు, వాహన మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, వంటవాళ్లను ఆ గోవా కేంద్రమే వేరే ప్రకటన ఇచ్చి కాంట్రాక్టు మీద తీసుకుంటుంది. ఐటీఐ చదివిన మన పిల్లలు ఆ ప్రకటన మీదా ఒక కన్నేసి ఉంచాలి.