సియోల్‌లో ఉంటూ కొరియన్ నేర్చుకుందాం – 6వ పాఠం: ఒక శనివారం, రెండు వరసల అంకెలు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారా? ‘ఇగొ ఒల్మాయెయో?’ (ఇది ఎంత?) అని కనీసం మూడు దుకాణాల్లో అడగమన్నాను. అడగడం తేలికే. వాళ్ళ జవాబు అర్థం కావాలంటే మాత్రం అంకెలు రావాలి. ఈసారి వాటి సంగతి చూద్దాం.

కొరియన్‌లో అంకెలు రెండు వరసలు. ఒకటి చైనా నుంచి వచ్చింది, రెండోది వాళ్ళ సొంతం. ఈ మాట వినగానే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. మనకు అక్కర్లేదు. ‘మూడు’ మన మాట, ‘త్రికోణం’లోని త్రి సంస్కృతం. ఏది ఎక్కడ వాడాలో మనకెవరూ పట్టిక రాసివ్వలేదు, వాడగా వాడగా వచ్చింది. ఇదీ అంతే.

డబ్బుకి చైనా వరస: ఇల్, ఇ, సామ్, సా, ఓ, యుక్, ఛిల్, ఫల్, గు, షిప్. శామ్‌సంగ్ పేరులో ఉన్నది ఈ సామే, ఆ పేరుకి అర్థం మూడు నక్షత్రాలు. వంద బెక్, వెయ్యి ఛొన్, పదివేలు మాన్. ఛిల్, ఛొన్‌లలో ఒత్తు గట్టిగా పలకండి. ఫల్‌ని ‘ఫలం’ అన్నట్టు అనాలి, ‘ఫోన్’లోలా కాదు.

అసలు చిక్కు మాన్ దగ్గరే. మనం వెయ్యి తర్వాత లక్షని కొలతగా పెట్టుకున్నాం. వాళ్ళ కొలత పదివేలు. ఇరవై వేలంటే రెండు మాన్లు, ఇ మాన్. లక్ష అంటే పది మాన్లు. రాతలో షిప్ మాన్, నోట్లో షిమ్మాన్. సెజోంగ్ రాజు బొమ్మ ఉన్న ఆకుపచ్చ నోటు మాన్ వొన్ (వొన్ అంటే కొరియా డబ్బు). ముందు ‘ఒక’ అని చేర్చరు.

నాకిది గ్వాంగ్‌జాంగ్ బజారులో ఒంటబట్టింది. 1905లో మొదలైన బజారు అది. మెట్రో ఒకటో లైన్‌లో జోంగ్నో ఓ గా స్టేషన్‌లో దిగాలి, ఆ ‘ఓ’ అయిదే. కింద తిండి, పై అంతస్తులో పాత బట్టల కొట్లు. నేను వచ్చిన మొదటి నెలలో అక్కడొక ఉన్ని కోటు ఎంతని అడిగాను. కొట్టు పెద్దావిడ ‘ఇ మాన్ ఓ ఛొన్’ అంది. నా చెవికి చివరి రెండు ముక్కలే అందాయి. అయిదు వేలు అనుకుని ఆ నోటు తీసి ఇచ్చాను. ఆవిడ విసుక్కోలేదు. కాలిక్యులేటర్ మీద 25000 కొట్టి చూపించింది. ఒక్కో ముక్క దగ్గరా వేలు మడుస్తూ, నేను తిరిగి అనేదాకా చెప్పింది: ఇ మాన్, ఓ ఛొన్. ఆ కోటు ఇప్పటికీ వేసుకుంటున్నాను. మీరూ ధర వినేటప్పుడు ముందు మాన్ కోసం చెవి పెట్టండి, మిగతాది తర్వాత.

కిందికి దిగితే తిరగలిలో పెసలు రుబ్బి, మందంగా నూనెలో వేయిస్తుంటారు. అదే బిందెత్తొక్. మన పెసరట్టుకి దూరపు చుట్టం అనిపిస్తుంది నాకు. ఒకటి కావాలంటే ‘హానా జుసెయో’ (ఒకటి ఇవ్వండి). ఇక్కడ సొంత వరస మొదలైంది: హానా, దుల్, సెత్, నెత్, దాసొత్, యొసొత్, ఇల్గోప్, యొదొల్, అహోప్, యొల్.

అంకె పక్కన లెక్కమాట, అంటే దేన్ని లెక్కపెడుతున్నామో చెప్పే మాట, తగిలితే మొదటి నాలుగూ కుదించుకుపోతాయి: హాన్, దు, సె, నె. వస్తువులకి గె, మనుషులకి మ్యొంగ్, టికెట్లకి జాంగ్. మనుషులకి వేరే లెక్క ఏమిటని మనం అడగలేం. ‘రెండు స్నేహితులు’ అంటే మన చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది కదా, ‘ఇద్దరు’ అనాల్సిందే. హోటల్ గుమ్మంలో ‘మ్యొత్ బునిసెయో?’ (ఎంతమంది?) అంటే ‘దు మ్యొంగియో’ అనండి.

లోపల కూర్చున్నాక ఒక మినహాయింపు. నిప్పుల మీద కాల్చుకునే పంది మాంసం సామ్‌గ్యొప్‌సల్‌ని ‘ఇన్‌బున్’ లెక్కన, అంటే ఒక మనిషికి సరిపడా చొప్పున, ఇస్తారు. దానికి చైనా వరసే. రెండు కావాలంటే ‘ఇ ఇన్‌బున్ జుసెయో’. చాలా చోట్ల రెండింటికి తక్కువ ఇవ్వరు కాబట్టి తోడు తీసుకెళ్ళండి. సామ్‌గ్యొప్‌సల్‌లోనూ సామ్ ఉంది చూశారా? మూడు పొరల మాంసం.

రాత్రికి హోంగ్‌దె. హోంగిక్ విశ్వవిద్యాలయం పేరుని కుదించి పిలిచే పేట, 1990ల నడుమ నుంచి ఇండీ బ్యాండ్లకి పుట్టిల్లు. వీధిలో పాడేవాళ్ళ పాట ఊరికే వినొచ్చు, నేలమాళిగ క్లబ్బుకి టికెట్ కావాలి: ‘దు జాంగ్ జుసెయో’. ఏడున్నరకి మొదలంటే ‘ఇల్గోప్ షి సామ్‌షిప్ బున్’. మళ్ళీ చదవండి. గంటలకి సొంత వరస, నిమిషాలకి చైనా వరస, రెండూ ఒకే మాటలో! ఈ ఒక్కటి నోటికొస్తే సగం పాఠం వచ్చినట్టే.

నిలబడి చూసే కచేరీలకి టికెట్ నంబరు వరసలో లోపలికి పంపుతారు. నాది ‘సామ్‌షిప్ ఛిల్ బొన్’, 37. మెట్ల మీద నిలబడి ఆ మాట కోసం అంత శ్రద్ధగా ఎదురుచూశాక ఇక మర్చిపోలేదు. లోపల జనమంతా పాటతో గొంతు కలుపుతారు, దాన్ని తెఛాంగ్ అంటారు. మాటలు రాకపోయినా కలపండి. చివర బ్యాండువాళ్ళు వెనక్కి తిరిగి అందరితో ఫొటో దిగారు. అప్పుడు వినిపించింది: హానా, దుల్, సెత్!

అభ్యాసం: పైకి చదివి, కొరియన్‌లో చెప్పండి.
18,000 వొన్లు. 1,30,000 వొన్లు. ముగ్గురం. నాలుగు టికెట్లు ఇవ్వండి. మూడు ఇన్‌బున్‌లు. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు.

జవాబులు 7వ పాఠంలో. అందులోనే ‘కాస్త తగ్గించండి’ అని అడగడం, తినే వంటలో మాంసం వద్దని చెప్పడం.